మెత్తచెయ్యి రాసిన అంకెలు

మా ఎదుటి సెలూన్‌లో పనిచేసే మెత్తచెయ్యి తన ఒంటిని ఆసుపత్రికి రాసిచ్చేశాడనీ, వాళ్ళు అతని మెడలోకి విషం ఎక్కించి ఏమవుతుందో చూస్తున్నారనీ, ఆ కాగితాల మీద దగ్గరుండి సంతకం పెట్టించింది మేడ మీది ముసలమ్మేననీ వీధిలో చెప్పుకుంటున్నారు. ఆ మేడ మీది ముసలమ్మను నేనే. ఇందులో విషం మాట నిజం. ఒంటిని రాసిచ్చాడన్నది అబద్ధం. సంతకం నేను పెట్టించానన్నది మాత్రం పచ్చి అన్యాయం, ఎందుకంటే ఆ రోజు పెన్ను దాచింది నేను.

నేను చదివింది ఐదో తరగతి వరకే. కానీ మా కిటికీ ఆ సెలూన్ అద్దాల తలుపుకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా కూరగాయలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ, ఒక్కోసారి ఊరికే కూర్చుని కూడా ఆ షాపులో జరిగేదంతా చూస్తున్నదాన్ని. ఈ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఉంటే ముందుకు రమ్మనండి, నేను తప్పుకుంటాను.

మెత్తచెయ్యి అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, గడ్డాలు పెట్టిన పేరు. అతను ఇరవై రెండేళ్ళ వయసులో ఆ షాపుకి అల్లుడై వచ్చాడు. మామ దగ్గరే పని నేర్చుకున్నాడు. మామ పోయాక షాపు ఆయన కొడుక్కి, అంటే మెత్తచెయ్యి భార్య అన్నకి వచ్చింది. షాపులో ఉన్నవి రెండే కుర్చీలు. లోపలి కుర్చీ ఆ బావది. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. వెలుతురు బాగా పడే కిటికీ పక్క కుర్చీ మెత్తచెయ్యిది. యజమాని తనే అయినా మంచి కుర్చీ బావ ఇతనికి వదిలాడంటే, కత్తి పట్టడంలో ఇతనికి సాటి లేదు గనుక. వేడి తువ్వాలు ముఖం మీద కప్పి, నురగ పట్టించి, కత్తిని గొంతు మీదుగా పైకి నడిపిస్తుంటే పెద్దపెద్దవాళ్ళు నోరు తెరుచుకుని నిద్రపోయేవాళ్ళు. మా ఆయన ఇంట్లో మంచం మీద అటూ ఇటూ దొర్లుతాడు గానీ ఆ కుర్చీలో మాత్రం నిమిషంలో గురక అందుకుంటాడు. ఆ గురక మా కిటికీ దాకా వినిపిస్తే, సరే, గడ్డం సగం అయిందన్నమాట అనుకుని నేను పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టేదాన్ని.

నాలుగేళ్ళ కిందట అతని తల ఎడమ పక్కకి తిరగడం మొదలుపెట్టింది. మొదట అందరూ అలవాటనుకున్నారు. తర్వాత మరొకటి అనుకున్నారు. సెలూన్‌కి ఎడమ పక్కన కళ్ళజోళ్ళ షాపు ఉంది, దాన్ని నడిపే ఆవిడ చూడముచ్చటగా ఉంటుంది. మెత్తచెయ్యి గడ్డం రోజుకి పాతికసార్లు ఆవిడ వైపు తిరుగుతుంటే చూసేవాళ్ళు ఊరుకుంటారా. పాపం ఆవిడ కుర్చీ వెనక్కి జరుపుకుని అద్దాల బీరువా చాటున కూర్చోవడం మొదలుపెట్టింది. అది చూసి వీధి మరింత గట్టిగా నమ్మింది.

మెత్తచెయ్యి భార్య చొక్కాల ఫ్యాక్టరీలో బొత్తాలు కుడుతుంది. నెమ్మదస్తురాలు. ఒకరోజు మెట్లెక్కి వచ్చి, మంచినీళ్ళు అడిగి, సగం తాగి అసలు మాట బయటపెట్టింది.

"అత్తయ్యా, మీ కిటికీలోంచి ఆయన చూపు ఎటుందో కనిపిస్తుందా?"

"కనిపిస్తుందో లేదో చూసి చెప్పాలి. నాలుగు రోజులు ఆగు."

నాలుగు రోజులు చూశాను. నా పనులన్నీ ఆ కిటికీ దగ్గరికే తెచ్చుకున్నాను. గడ్డం ఎడమకి పోతోంది, కళ్ళు మాత్రం కుర్చీలో ఉన్నవాడి నెత్తిని వదలడం లేదు. తలని వెనక్కి లాక్కుంటాడు, అది మళ్ళీ పోతుంది. తాడు కట్టి ఎవరో లాగుతున్నట్టు. కటింగ్ అయ్యాక గోడకి ఆనుకుని మెడ పట్టుకుని నిలబడేవాడు.

"నీ మొగుడు ఎవరినీ చూడట్లేదే. అతని కళ్ళకీ మెడకీ పడట్లేదు, అంతే. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు" అని చెప్పాను. ఆమె మిగిలిన సగం నీళ్ళూ తాగి వెళ్ళింది.

రెండేళ్ళు నూనెలు, పట్టీలు, దిండ్లు మార్చడాలు అయ్యాక ఒక నరాల డాక్టరు దాని సంగతి కనిపెట్టాడు. మెడ కండరాలు వాటంతట అవే బిగుసుకుని తలని లాగేస్తాయట. నయం కాదు గానీ, ఆ కండరాల్లోకి ఇంజక్షన్ ఇస్తే పట్టు వదులుతాయన్నాడు. మూడు నెలలకొకటి. అందులో మొదటి రెండు వారాలు ఏమీ తెలియదు. తర్వాత ఏడెనిమిది వారాలు మనిషి హాయిగా ఉంటాడు. ఆఖరి వారాల్లో మళ్ళీ తాడు లాగుతుంది. తర్వాతి ఇంజక్షన్ తేదీ వచ్చేదాకా పళ్ళు బిగబట్టుకుని ఉండాల్సిందే.

ఆ ఆఖరి వారాలు ఎప్పుడొచ్చాయో నాకు క్యాలెండర్ చూడకుండానే తెలిసేది. మా వీధి మగవాళ్ళకి ఎడమ చెవి ముందు జుట్టు కుడి దానికంటే పొట్టిగా తయారయ్యేది. అతని తల తిరిగి ఉంటే సమంగా కనిపించేది, మన తల తిన్నగా ఉంటే కనిపించదు కదా. పాపం ఎవరూ నోరెత్తేవాళ్ళు కాదు. ఎత్తకుండా ఏటవాలు తలలతోనే పనులకి పోయేవాళ్ళు.

జుట్టుదేముంది, పెరుగుతుంది. కత్తితోనే వచ్చింది చిక్కు. అలాంటి ఒక వారంలో లెక్కల మాస్టారికి దవడ కింద కత్తి జారింది. ఆవగింజంత నెత్తురు చుక్క. మాస్టారు ఆ మర్నాటి నుంచి లోపలి కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టారు. ఆ సాయంత్రమే బావ కత్తి తీసి తన సొరుగులో పెట్టి తాళం వేశాడు. ఇకనుంచి మెత్తచెయ్యికి కత్తెరా మిషనూ మాత్రమే అన్నాడు. గడ్డాలన్నీ లోపలి కుర్చీకి. బావది బరువు చెయ్యి. మా ఆయన గురక ఆగిపోయింది, దవడలు ఎర్రగా చేసుకుని ఇంటికి వచ్చేవాడు. మెత్తచెయ్యి అయితే, ఇరవై ఏళ్ళ పనితనాన్ని సొరుగులో పెట్టించుకుని, పక్క కుర్చీలో బావ ఆ కత్తిని ఎలా పడుతున్నాడో ఓరగా చూస్తూ నిలబడేవాడు.

అప్పుడు వచ్చింది ఆసుపత్రి నుంచి కబురు. కొత్త ఇంజక్షన్ ఒకటి ఉందట. పాతదాని కంటే ఎక్కువ నెలలు నిలుస్తుందేమోనని పరీక్షిస్తున్నారట, ఒప్పుకుంటే ఇతన్నీ చేర్చుకుంటారట. కాగితాలు తెచ్చి నాకు చూపించాడు. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని రెండు రోజులు చదివాను. అందులో నాకు నచ్చని మాటలు చాలా ఉన్నాయి. అన్నిటికంటే నచ్చనిది, ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయవచ్చు అన్నది. వెళ్ళిపోవడానికి దారి ముందే చూపించేవాడు లోపల ఏం పెట్టాడోనని అనుమానం రాదూ.

"ఒక్కడివే వెళ్ళకు. నేనూ వస్తాను" అన్నాను.

"మీరెందుకు పిన్నీ, బస్సులో అవస్థ" అన్నాడు.

"అవస్థ నాది. పద."

ఆసుపత్రిలో తెల్లటి గది, కిటికీకి నీలం పరదా, గోడ మీద మెడ కండరాల బొమ్మ. డాక్టరమ్మ చిన్నపిల్ల, మా మనవరాలి వయసు ఉంటుంది. నన్ను చూసి, "మీరు ఈయనకి ఏమవుతారండీ?" అంది.

"పిన్నిని."

"సొంత పిన్నా?"

"ఎదురింటి పిన్నిని. అమ్మా, ఈ మందులో విషం ఉందంటున్నారు. నిజమేనా?"

ఆ అమ్మాయి దాచలేదు. "నిజమేనండీ. ఒక సూక్ష్మజీవి తయారుచేసే విషం అది. చాలా కొద్దిగా వాడతాం. బిగుసుకోమని నరం చెప్పే మాట కండరానికి అందకుండా చేస్తుంది. ఆయన ఇన్నాళ్ళూ వేయించుకున్నదీ అదే జాతి."

"మరి ఇది ఎక్కువ రోజులు పనిచేస్తుందా?"

"చేస్తుందేమోనని చూస్తున్నాం."

"అంటే మీకు తెలియదన్నమాట."

"తెలిస్తే పరీక్ష ఎందుకండీ?"

ఆ మాటతో నా అనుమానం ఇంకా పెరిగింది. మందు ఎవరికి ఎక్కువ, ఎవరికి తక్కువ అనేది ఆమెకి కూడా చెప్పరట. కొందరికి అసలు మందే ఉండదట, ఉత్త ఉప్పునీళ్ళట. "ఉప్పునీళ్ళు ఎక్కించుకోవడానికి మావాడు మెడ ఎందుకివ్వాలి?" అన్నాను. ఆమె ఓపికగా చెప్పింది. మొదటి ఇంజక్షన్‌తో తగ్గకపోయినా, తగ్గి మళ్ళీ తిరగబెట్టినా, ఆ తర్వాత అందరికీ అసలు మందే ఇస్తారట. తిరగబెట్టిందని తెలియడానికే ఒక చిన్న పుస్తకం ఇస్తారట. రోజూ పొద్దున అందులో ఒక అంకె వేయాలి. మెడ హాయిగా ఉంటే సున్నా, ఇక నావల్ల కాదు అనిపిస్తే పది.

తర్వాత అతన్ని ఒక స్టూలు మీద కూర్చోబెట్టి కెమెరా పెట్టారు. చేతులు ఒళ్ళో పెట్టుకోమన్నారు. అతను అలవాటుగా చెంప తడుముకోబోతే డాక్టరమ్మ ఆపింది. "ముఖానికి చెయ్యి తగలకూడదండీ. తగిలితే తల కాసేపు నిలబడుతుంది. అది మెడ చేసే తమాషా, మందు గొప్ప కాదు" అంది. ఈ మాట నేను గట్టిగా గుర్తుపెట్టుకున్నాను. అతనూ విన్నాడు.

సంతకం దగ్గరికి వచ్చేసరికి బల్ల మీది పెన్ను నా సంచిలోకి జారవిడిచాను. ఇంకో వారం ఆలోచించుకుంటాడని నా ఆశ. డాక్టరమ్మ జేబులో ఇంకో పెన్ను ఉంది.

పాత ఇంజక్షన్ ఒంట్లోంచి పూర్తిగా పోయేదాకా ఆగి, ఆ తర్వాత కొత్తది వేశారు. మెడలో నాలుగు చోట్ల పొడిచారట. పుస్తకం పట్టుకుని అతను షాపుకి వచ్చిన రోజు నేను మా ఆయన్ని పిలవడానికి అక్కడికే దిగాను. బావ ఆ పుస్తకం తీసుకుని తిరగేసి చూశాడు.

"ఇందులో అబద్ధం రాస్తే ఏమవుతుంది బావా?" అని మెత్తచెయ్యిని అడిగాడు.

"ఎందుకు రాస్తాను?"

"ఊరికే అడిగాను." బావ కాసేపు కత్తెర తుడిచి, మళ్ళీ అన్నాడు. "సరే విను. నీ నోటిమాట నేను నమ్మను. బాగుందా అంటే నువ్వు ఎప్పుడైనా బాగాలేదన్నావా? ఈ పుస్తకంలో వరసగా నూట ఇరవై రోజులు రెండు దాటకుండా పడితే కత్తి నీ చేతిలో పెడతా, పాత గడ్డాలన్నీ నీ కుర్చీకి పంపిస్తా. మధ్యలో ఒక్క మూడు కనిపించిందా, మళ్ళీ ఒకటో రోజు నుంచి లెక్క. నీ మెడ నీదే బావా, కత్తి కింద పెట్టే మెడ మాత్రం ఊళ్ళోవాళ్ళది."

"ఒప్పుకున్నా. పిన్నీ, మీరే సాక్షి" అన్నాడు మెత్తచెయ్యి, నవ్వుతూ.

నేను నవ్వలేదు. ఒక్క పుస్తకాన్ని ఇద్దరు చదవడం, అదీ ఇద్దరూ వేరే వేరే వాటి కోసం చదవడం నాకు మొదటినుంచీ మింగుడుపడలేదు.

పది రోజులు గడిచినా తల తిన్నగా నిలబడలేదు. ఉప్పునీళ్ళేనని వీధి తేల్చేసింది. పదిహేనో రోజు నేను కిటికీలోంచి చూస్తే అతని గడ్డం సరిగ్గా అద్దానికి ఎదురుగా ఉంది. నా కళ్ళని నేనే నమ్మలేదు, కళ్ళజోడు తుడుచుకుని చూశాను. కళ్ళజోళ్ళ షాపావిడ కూడా మెల్లగా బీరువా చాటునుంచి కుర్చీ ముందుకు జరుపుకుంది. ఆ రోజు పుస్తకంలో అంకె ఒకటి. బావ గోడ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో గీత పెట్టాడు.

నెల, రెండు నెలలు, మూడు నెలలు. పాత ఇంజక్షన్ అయితే ఈపాటికి తాడు లాగాల్సిన వారాలు వచ్చాయి, పోయాయి. పుస్తకంలో ఒకట్లే. మెత్తచెయ్యి నడకే మారిపోయింది. ఇక గడ్డం వేళకి కిటికీ కుర్చీలోకే వస్తానని మా ఆయన ముందే చెప్పి పెట్టుకున్నాడు. లెక్కల మాస్టారు కూడా తొంగిచూసి, "ఎన్నో రోజు?" అని అడిగి వెళ్ళేవారు. వీధి మొత్తం మందుని మెచ్చుకుంది. నేను మాత్రం ఏ వంకా దొరకడం లేదే అనుకుంటూ కూర్చున్నాను.

నూట మూడో రోజున దొరికింది. మా ఆయన కటింగ్ చేయించుకుని వచ్చి టీ అడిగాడు. కప్పు అందిస్తూ ముఖంలోకి చూస్తే ఏదో తేడాగా ఉంది. కుట్టుపెట్టెలోంచి దారం తెచ్చాను.

"కదలకు."

"ఏమిటిది?"

"చెవి నుంచి కొలుస్తున్నా."

"నా ముఖం మీద ఈ సర్వే ఏమిటే?"

ఎడమ పక్క అరవేలు పొట్టి. మర్నాడు ఉత్తరాల అతను మెట్ల దగ్గర నిలబడితే రెండు చెవులూ చూశాను. ఎడమ పొట్టి. టీకొట్టు ఆయన్ని నవ్వించి అటూ ఇటూ తల తిప్పించి చూశాను. అతనికీ అంతే. మూడు తలలూ ఆ వారంలో మెత్తచెయ్యి చేతిలో పడినవే.

కానీ మా కిటికీలోంచి చూస్తే అతని తల తిన్నగానే కనిపిస్తోంది. తల తిన్నగా ఉండి జుట్టు వంకరగా ఎందుకు వస్తుంది? రెండు రోజులు కదలకుండా కూర్చుని చూశాను. అప్పుడు పట్టుబడింది. కత్తెర కుడి చేతిలో, దువ్వెన ఎడమ చేతిలో. నాలుగు కత్తిరింపులు కాగానే దువ్వెన వెన్ను వచ్చి అతని దవడకి ఆనుతుంది. తల నిలబడుతుంది. మళ్ళీ దువ్వెన జుట్టులోకి వెళుతుంది, తల మెల్లగా పోతుంది, దువ్వెన తిరిగి వస్తుంది. చూసేవాళ్ళకి పనివాడు ఆలోచిస్తున్నట్టు ఉంటుంది. నిజానికి ఆ దువ్వెన జుట్టులో కంటే దవడ మీదే ఎక్కువసేపు ఉంది.

చెయ్యి తగలకూడదని డాక్టరమ్మ అన్న మాట నా చెవిలో మోగింది.

ఆ ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. అతను లేని వేళ చూసుకునే వెళ్ళాను, దాచడమెందుకు. భార్య బట్టలు ఇస్త్రీ చేస్తోంది.

"ఆ పుస్తకం ఒకసారి చూపించవే."

బీరువాలోంచి తెచ్చి ఇచ్చింది. ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, ఒకటి. వేలు పెట్టి కిందికి దిగుతూ పోయాను.

"ఏం వెతుకుతున్నారు అత్తయ్యా?"

"ఆరు."

"అందులో ఆరు లేదు."

"అందుకే వెతుకుతున్నా. ఇంట్లో ఎలా ఉంటున్నాడు?"

"బాగానే ఉంటున్నారు."

"తినేటప్పుడు?"

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "ఎడం చెయ్యి చెంపకి ఆనించుకుంటారు. ఏదో ఆలోచిస్తున్నారనుకున్నా."

"మూడు పూటలా ఆలోచించేంత ఏముంది మీ ఇంట్లో?"

ఆమె నవ్వలేదు. చొక్కా కాలర్‌ని రెండుసార్లు సాపు చేసి, మెల్లగా అంది. "పొద్దున లేవగానే తువ్వాలు మెడకి చుట్టుకుని కాసేపు గోడ పట్టుకుంటారు. తర్వాత చెంప మీద చెయ్యి పెట్టుకుని అంకె వేస్తారు. నేనేం అడగను. అన్నయ్యకి చెప్పకండి అత్తయ్యా. ఇంకా పన్నెండు రోజులే ఉంది."

"ఆ పన్నెండు రోజుల తర్వాత ఆ కత్తి కిందికి మొదట వెళ్ళేది మీ మామయ్యే."

"తెలుసు" అంది. ఆ ఒక్క మాటకే ఆమె కళ్ళు నిండాయి. పుస్తకం ఆమె చేతిలో పెట్టి బయటికి వచ్చాను.

మెట్లెక్కుతూ ఆలోచించాను. ఇప్పుడు నిజం రాస్తే అతనికి నష్టమేమీ లేదే. తిరగబెట్టిందని తెలిస్తే ఆసుపత్రివాళ్ళు అసలు మందు వేస్తారు, నొప్పి తగ్గుతుంది. మందు దగ్గరే ఉంది, ఇతనేమో ఒకట్లు రాసుకుంటూ దాన్ని దూరం నెట్టుకుంటున్నాడు. అంతా ఆ సొరుగులో ఉన్న కత్తి కోసం. నిజం రాసిన రోజున బావ పెన్సిల్ గీతలన్నీ చెరిగిపోతాయి. మళ్ళీ ఒకటో రోజు. ఇక ఆసుపత్రి సంగతి. వాళ్ళు ఈ ఒకట్లు చూసి, ఈ మందు ఇన్ని నెలలు నిలుస్తుందని రాసుకుంటే, రేపు ఇంకెవరో మెడ వంకరవాడికి ఇన్ని నెలలు ఆగు, తొందరేముంది అంటారు. నేను ఇన్నాళ్ళూ ఆసుపత్రిని అనుమానించాను, మందుని అనుమానించాను. అనుమానించాల్సిన చోటుని మాత్రం రోజూ కిటికీలోంచి చూస్తూ వదిలేశాను.

మర్నాడు ఒంటిగంటకి బావ భోజనానికి ఇంటికి వెళ్ళడం చూసి కిందికి దిగాను. షాపులో ఎవరూ లేరు. మెత్తచెయ్యి నేల మీది వెంట్రుకలు ఊడుస్తున్నాడు. చీపురు కర్రకి చెంప ఆనించి ఉంది.

"రండి పిన్నీ. బాబాయి రాలేదా?"

"బాబాయి గడ్డం పెంచుతున్నాడు."

"ఈ వయసులోనా? ఎవరి కోసం?"

"నేనే పెంచమన్నాను."

అతని నవ్వు కొంచెం తగ్గింది. చీపురు గోడకి ఆనించి దువ్వెన చేతిలోకి తీసుకున్నాడు.

"ఆ దువ్వెన అక్కడ పెట్టు. కిటికీ కుర్చీలో కూర్చో. చేతులు ఒళ్ళో."

"ఏంటి పిన్నీ, నాకు కటింగ్ చేస్తారా ఏంటి" అంటూనే కూర్చున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. అద్దంలో ఇద్దరం ఒకరినొకరు చూసుకుంటున్నాం. లోలోపల పది లెక్కపెట్టాను. ఆరు దగ్గరకి వచ్చేసరికి గడ్డం కదిలింది. పది అయ్యేసరికి అద్దంలో నాకు అతని చెవి మాత్రమే కనిపిస్తోంది. మెడ నరం ఉబ్బి, భుజం పైకి లేచింది. చెయ్యి చెంప మీదికి రాబోయి ఆగిపోయింది. ఆపుకున్నది అతనే, నేను కాదు.

"నాయనా, నేను ఐదో తరగతిదాన్ని, నాకు తిన్నగా చెప్పు. ఆ పుస్తకంలో నువ్వు వేసిన అంకెలు నిజమా, కాదా?"

అతను గోడ వైపు తిరిగిన తలతోనే మాట్లాడాడు. మెడ తిప్పుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

"మొదట్లోవి నిజమే పిన్నీ. ఆ మూడు నెలలు నా మెడ నాది కాదన్నంత హాయిగా ఉంది. తర్వాతవి నిజమనుకునే రాశాను. వాళ్ళు చెయ్యి అన్నారు కదా, దువ్వెన నాకు చెయ్యి కాదు, పని. అది ముఖానికి తగులుతోందనే తెలియలేదు. తొమ్మిది రోజుల కిందట ఆసుపత్రిలో చేతులు ఒళ్ళో పెట్టించి కూర్చోబెట్టారు, ఇప్పుడు మీరు చూసినట్టే తిరిగింది. పుస్తకంలో ఒకటి అంటున్నారు, ఇక్కడ ఐదు కనిపిస్తోందేంటి అంది ఆ డాక్టరమ్మ. ఇక్కడికొస్తే నాకు భయమండీ, అందుకే అన్నాను. అది అబద్ధం. ఆ రోజు నుంచి వేసిన తొమ్మిది అంకెలూ తెలిసి వేసిన అబద్ధాలే. ఐదు అంటే పాతదానికంటే నయమే, పాత ఇంజక్షన్ అయితే ఈపాటికి ఎనిమిదిలో ఉండేవాణ్ణి. కానీ ఒకటి మాత్రం కాదు. పొద్దున వాళ్ళకి ఫోన్ చేసి చెప్పేశాను, తొమ్మిది రోజులవీ తప్పని, అంతకుముందు కొన్నాళ్ళవి కూడా దువ్వెనతో వేసినవని. తిడతారనుకున్నా, తిట్టలేదు, రాసుకుని గురువారం రమ్మన్నారు. వాళ్ళకి చెప్పడం తేలికే పిన్నీ, బావకే ఇంకా చెప్పలేదు. భోంచేసి వచ్చేస్తాడిప్పుడు. మీరు వెళ్ళకండి, ఆ లోపలి కుర్చీలో కూర్చోండి. ఒక్కణ్ణే ఉంటే, ఎలా ఉంది బావా అని అడగ్గానే, ఒకటి అనేస్తాను."